గదిలో ఏడు మిల్లీసెకన్లు, ఆకాశంలో పది నిమిషాలు: పొగలో ఉన్న ఫార్మాల్డిహైడ్‌ని ఎవరు కడుగుతారు?

(వీడియోలో మాట్లాడినదాన్ని చదవడానికి వీలుగా కొంచెం సరిచేసి ఇక్కడ పెడుతున్నాం. స్క్రీన్ మీద బొమ్మలు చూపించిన చోట వాటిని మాటల్లో చెప్పాం.)

ఈ ఎపిసోడ్‌ని కళ్లు మండటం దగ్గర మొదలుపెడదాం.

పలాస, కాశీబుగ్గ వైపు పెరిగినవాళ్లకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. జీడి పిక్కలు కాల్చేటప్పుడు వచ్చే పొగ గుర్తుందా? చిన్నప్పుడు మా అప్పతో కలిసి ఒక బట్టీ పక్క నుంచి స్కూలుకి వెళ్లేవాణ్ణి. గాలి మా వైపు తిరిగిందంటే చాలు, ఇద్దరం కళ్లు మూసుకుని పరుగే. ఇప్పుడు చాలా చోట్ల పిక్కల్ని ఆవిరితో ఉడకబెడుతున్నారు కాబట్టి ఆ పొగ తగ్గింది. కానీ పొగ అనేది మన జిల్లాల్లో ఎక్కడికీ పోలేదు. ఎండాకాలం ముందు సీతంపేట కొండల మీద పోడు కోసం పెట్టే మంటలు, భోగి మంటలు, కట్టెల పొయ్యి, రాత్రి మంచం కింద వెలిగించే దోమల కాయిల్. అన్నిట్లోనూ కళ్లు మండించే సరుకు దాదాపు ఒకటే.

ఆ సరుకు పేరు కార్బొనైల్ పదార్థాలు. భయపడకండి, చాలా సింపుల్. ఒక కార్బన్ పరమాణువుకి ఒక ఆక్సిజన్ రెండు బంధాలతో అతుక్కుని ఉంటే దాన్ని కార్బొనైల్ అంటారు. ఫార్మాల్డిహైడ్, ఎసిటాల్డిహైడ్, ఎక్రోలిన్, ఎసిటోన్, అన్నీ ఈ కుటుంబమే. ఎసిటోన్ మీ ఇంట్లోనే ఉండొచ్చు, గోళ్ల రంగు తుడిచే సీసాలో. ఫార్మాల్డిహైడ్ అయితే మనుషుల్లో కేన్సర్ కలిగించే పదార్థమని ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే కేన్సర్ పరిశోధన సంస్థ 2004లో తేల్చింది.

సరే, ఇప్పుడు అసలు ప్రశ్న. కొండ మీద ఇంత పొగ పెట్టినా, వారం తిరిగేసరికి గాలి మళ్లీ మామూలుగా ఉంటుంది. గాలి అటూ ఇటూ కొట్టుకుపోయి పల్చబడటం ఒక కారణం. కానీ అదొక్కటే అయితే ఇన్ని వేల ఏళ్లలో భూమ్మీద గాలంతా ఫార్మాల్డిహైడ్‌తో నిండిపోవాలి కదా? నిండలేదు. అంటే గాలిలో ఎవరో కడుగుతున్నారు. ఎవరు వాళ్లు?

అనుమానితులు ముగ్గురు. ఎండ ఒకటి. ఓహెచ్ అనే రాడికల్ ఒకటి. మూడోది పెరాక్సీ రాడికల్. ఈ మూడోదాని మీదే ఈ రోజు ఎపిసోడ్ అంతా. ఎందుకంటే దాని కథలో ఒక ట్విస్ట్ ఉంది.

రాడికల్ అంటే జంట లేని ఎలక్ట్రాన్ ఒకటి మిగిలిపోయిన అణువు. ఆ జంట కోసం దొరికినదాని మీద పడుతుంది. అలాంటి అణువుకి ఒక ఆక్సిజన్ అణువు, అంటే రెండు ఆక్సిజన్ పరమాణువులు వరసగా, అతుక్కుంటే అది పెరాక్సీ రాడికల్. వాటిలో అన్నిటికంటే చిన్నది హెచ్ఓ2. ఒక హైడ్రోజన్, రెండు ఆక్సిజన్‌లు, అంతే.

ఇది ఎక్కడో ల్యాబ్‌లో ఉండే వస్తువు అనుకోకండి. డబ్బాలో మర్చిపోయిన జీడిపప్పు మూడు నెలల తర్వాత నోట్లో వేసుకుంటే ముక్కిన వాసన వస్తుంది కదా. ఆ పని పెరాక్సీ రాడికల్‌దే. పప్పులో ఉన్న కొవ్వు నుంచి ఒక హైడ్రోజన్ ఊడుతుంది, ఆ ఖాళీలో గాలిలోని ఆక్సిజన్ దూరుతుంది, పెరాక్సీ రాడికల్ అవుతుంది. అది పక్క కొవ్వు అణువు దగ్గర హైడ్రోజన్ లాక్కుంటుంది, అక్కడ మళ్లీ అదే కథ. చివరికి ఆ అణువులు ముక్కలై ఆల్డిహైడ్‌లు వస్తాయి. ముక్క వాసన వాటిదే. అందుకే మంచి ప్యాకింగ్‌లో గాలి తీసేసి నైట్రోజనో, కార్బన్ డయాక్సైడో నింపుతారు. పలాస సరుకు దూరం వెళ్లాలంటే ఆక్సిజన్‌ని బయట నిలబెట్టాల్సిందే.

ఆకాశంలోనూ ఇదే వరస, కాకపోతే నూనె లేకుండా, అంతా వాయువుల్లో. ఓహెచ్ వచ్చి మీథేన్ దగ్గరో మరోదాని దగ్గరో హైడ్రోజన్ లాగుతుంది, ఆక్సిజన్ అతుక్కుంటుంది, పెరాక్సీ రాడికల్ రెడీ. దానికి వాహనాల పొగలోంచి వచ్చే నైట్రిక్ ఆక్సైడ్ తగిలితే ఒక ఆక్సిజన్ ఇచ్చేస్తుంది. మీథేన్ నుంచి పుట్టిన పెరాక్సీ అయితే ఆ తర్వాతి మెట్టులో ఫార్మాల్డిహైడ్‌గా మారుతుంది. ఆ ఫార్మాల్డిహైడ్ మీద ఎండ పడితే అది పగిలి మళ్లీ హెచ్ఓ2 పుడుతుంది. చూశారా, పెరాక్సీ నుంచి కార్బొనైల్, కార్బొనైల్ నుంచి పెరాక్సీ. ఎవరు తల్లో ఎవరు పిల్లో చెప్పలేం.

మరి తల్లీపిల్లా ఎదురెదురు పడితే ఏటవుద్ది? అదీ ప్రశ్న.

కొన్ని లెక్కలు చూద్దాం, బోర్ కొట్టదు, ప్రామిస్. పగటిపూట మామూలు గాలిలో ఒక ఘన సెంటీమీటరు, అంటే ఒక పాచిక అంత చోటు తీసుకోండి. అందులో మొత్తం అణువులు సుమారు రెండున్నర లక్షల కోట్ల కోట్లు. వాటిలో ఓహెచ్‌లు ఎన్ని? ఓ 10 లక్షలు. హెచ్ఓ2లు? సుమారు 10 కోట్లు. అంటే హెచ్ఓ2 వంద రెట్లు ఎక్కువ. అయితే ఫార్మాల్డిహైడ్‌ని పట్టుకునే వేగంలో ఓహెచ్ వంద రెట్లు చురుకు. ల్యాబ్‌లో కొలిచిన సంఖ్యలు ఇవి. వంద రెట్లు ఎక్కువమంది, వంద రెట్లు నెమ్మది. రెండూ గుణిస్తే? సమానం! ఒక ఫార్మాల్డిహైడ్ అణువుని గంటలో ఓహెచ్ ఎన్నిసార్లు పట్టుకుంటుందో, హెచ్ఓ2 కూడా దాదాపు అన్నిసార్లే పట్టుకుంటుంది.

నేను మొదటిసారి ఈ లెక్క వేసుకున్నప్పుడు ఎక్కడో సున్నా తప్పేశాననుకున్నా. ఎందుకంటే ఏ పుస్తకం తీసినా ఫార్మాల్డిహైడ్‌ని ఎండ, ఓహెచ్ తీసేస్తాయని ఉంటుంది తప్ప హెచ్ఓ2 పేరు ఉండదు. లెక్క తప్పు కాదు. ట్విస్ట్ ఏంటంటే, హెచ్ఓ2 పట్టుకుంటుంది, కానీ వదిలేస్తుంది.

ఇద్దరూ పట్టుకునే తీరు వేరు. ఓహెచ్ వచ్చి హైడ్రోజన్ పీక్కుని నీళ్లుగా మారి వెళ్లిపోతుంది. పీకింది మళ్లీ అతకదు. హెచ్ఓ2 అలా కాదు. కార్బొనైల్‌లో ఆక్సిజన్ ఎలక్ట్రాన్లని తన వైపు లాక్కుంటుంది కాబట్టి కార్బన్ కొంచెం లోటులో ఉంటుంది. హెచ్ఓ2 చివర ఉన్న ఆక్సిజన్ ఆ కార్బన్‌కి అతుక్కుంటుంది, అదే సమయంలో దాని హైడ్రోజన్ కార్బొనైల్ ఆక్సిజన్ మీదికి మారుతుంది. ఇద్దరు ఎదురెదురుగా రెండు చేతులూ పట్టుకుని ఒప్పులకుప్ప తిరిగినట్టు, ఒక రింగులా. అలా కొత్త అణువు ఒకటి తయారవుతుంది. దాని పేరు హైడ్రాక్సీమిథైల్ పెరాక్సీ. అదీ ఒక పెరాక్సీ రాడికలే, పెద్ద సైజులో.

ఈ అణువు మొదట కనపడింది 1979లో. జాక్ కాల్వర్ట్, ఫూ సు, నికి, మేకర్, ఇంకొందరు కలిసి ఫార్మాల్డిహైడ్ మీద కాంతి వేసి, లోపల ఏం జరుగుతోందో ఇన్‌ఫ్రారెడ్‌తో చూశారు. కాసేపుండి మాయమైపోయే కొత్త పదార్థం ఒకటి కనిపించింది. ఇందులో నికి, మేకర్ ఫోర్డ్ కార్ల కంపెనీ పరిశోధనశాల వాళ్లు. కార్ల కంపెనీకి ఈ గోలెందుకంటారా? ఆ రోజుల్లో అమెరికా నగరాల్లో పొగమంచుకి కార్ల పొగే కారణమని తేలిపోయింది. ఆ రసాయనం ఏంటో తెలుసుకోక తప్పలేదు.

ఇప్పుడు ఆ బంధం ఎంత గట్టిది? మామూలు కార్బన్–కార్బన్ బంధంలో ఇంచుమించు ఐదో వంతు. అంతే. విజయనగరం సిరిమాను రోజు ఊహించుకోండి. మూడు లాంతర్ల దగ్గర ఇసకేస్తే రాలనంత జనం. మీరూ మీ ఫ్రెండూ చెయ్యి పట్టుకుని నడుస్తున్నారు. ఎంతసేపు పట్టుకోగలరు? అటునుంచి ఒకరు తోస్తారు, ఇటునుంచి ఒకరు దూరతారు, చెయ్యి జారిపోతుంది. అదే రోడ్డు మీద అర్ధరాత్రి రెండింటికి నడిస్తే కోట దాకా పట్టుకునే వెళ్లొచ్చు. చేతి పట్టు మారలేదు, తోపులాట మారింది. అణువుల లోకంలో తోపులాట అంటే వేడి.

25 డిగ్రీల దగ్గర ఈ కొత్త అణువు సగటు ఆయుష్షు సుమారు 7 మిల్లీసెకన్లు. మీరు కన్ను ఆర్పేలోపు పది సార్లు పైనే పుట్టి చావగలదు. ఆ 7 మిల్లీసెకన్లలో దానికి నైట్రిక్ ఆక్సైడ్ తగిలితే కథ ముందుకి వెళ్తుంది, చివరికి ఫార్మిక్ ఆమ్లం, అంటే చీమ కుట్టినప్పుడు మంట పుట్టించేది, తయారవుతుంది. కానీ తగిలే అవకాశం రోడ్డు పక్క గాలిలో కూడా తక్కువే. మిగతా అన్నిసార్లూ ఫార్మాల్డిహైడ్ ఫార్మాల్డిహైడ్‌గానే, హెచ్ఓ2 హెచ్ఓ2గానే ఇంటికి వెళ్లిపోతాయి. ఏమీ జరగనట్టే.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి మన గదిలోకి వద్దాం. ఇది మీకు సూటిగా పనికొచ్చే భాగం.

రాత్రి కిటికీలు మూసి దోమల కాయిల్ వెలిగించారు. 2003లో వచ్చిన ఒక అధ్యయనంలో చైనా, మలేషియాల్లో బాగా అమ్ముడయ్యే కాయిల్స్‌ని కాల్చి కొలిచారు. ఒక కాయిల్ నుంచి వచ్చే ఫార్మాల్డిహైడ్ 51 సిగరెట్లు కాల్చినంత దాకా ఉండొచ్చని తేలింది. మన షాపులో దొరికే ప్రతి కాయిల్‌కీ అదే సంఖ్య అని నేను అనట్లేదు, బ్రాండుని బట్టి మారుతుంది. కానీ మూసిన గదిలో ఆ ఫార్మాల్డిహైడ్‌ని తీసేసేది ఎవరు? మన ముగ్గురు అనుమానితుల్నీ పిలవండి. ఎండ లేదు, రాత్రి. పగలైనా కిటికీ అద్దం ఫార్మాల్డిహైడ్‌ని పగలగొట్టే కిరణాల్లో చాలా భాగాన్ని ఆపేస్తుంది. ఓహెచ్ పుట్టేదే ప్రధానంగా ఎండతో, కాబట్టి గదిలో చాలా తక్కువ. హెచ్ఓ2 ఉన్నా 7 మిల్లీసెకన్లలో వదిలేస్తుంది. అంటే గాలి తనని తాను కడుక్కోవడం అనేది బయట జరిగే పని. గదిలో మిగిలింది ఒక్కటే, గాలి మారడం. తలుపు తెరిస్తే పోతుంది, లేకపోతే మీరు పీలుస్తారు. ఉక్కపోత రాత్రి దోమలకి కిటికీ మూయాలా, పొగకి తెరవాలా అంటే నా ఓటు దోమతెరకి.

ఇంకో మాట. ఫోన్లో ఏక్యూఐ యాప్ పెట్టుకుని "ఈ రోజు పచ్చ రంగుంది, ఓకే" అనుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. మన దేశంలో ఏక్యూఐ లెక్కలోకి తీసుకునేవి 8: రెండు సైజుల ధూళి, నైట్రోజన్ డయాక్సైడ్, సల్ఫర్ డయాక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్, ఓజోన్, అమోనియా, సీసం. ఈ లిస్టులో ఫార్మాల్డిహైడ్ లేదు. దాని నీడ మాత్రం ఓజోన్ రూపంలో ఉంది. ఎలా అంటే, హెచ్ఓ2 తన ఆక్సిజన్‌ని నైట్రిక్ ఆక్సైడ్‌కి ఇస్తే నైట్రోజన్ డయాక్సైడ్ వస్తుంది. దాని మీద ఎండ పడితే ఒక ఆక్సిజన్ ఊడి ఓజోన్ అవుతుంది. పోడు పొగలో కార్బొనైల్స్, జాతీయ రహదారి 16 మీద లారీల నుంచి నైట్రిక్ ఆక్సైడ్, పైన మార్చి నెల ఎండ. ఓజోన్‌కి కావాల్సిన సామానంతా ఒక్క చోటే. ఎండ నిప్పులు కక్కే మధ్యాహ్నం ఊపిరి బరువైతే ధూళి ఒక్కటే కారణం కాకపోవచ్చు. మన ప్రమాణం ప్రకారం 8 గంటల సగటు ఓజోన్ ఘన మీటరుకి 100 మైక్రోగ్రాములు దాటకూడదు.

సరే, నేల మీద హెచ్ఓ2 వదిలేస్తుంది. మరి అర్ధరాత్రి ఖాళీ రోడ్డు లాంటి చోటు గాలిలో ఎక్కడుంది?

నిట్టనిలువుగా పైకి చూడండి. శ్రీకాకుళం నుంచి ఆమదాలవలస స్టేషన్ దాటి ఇంకొంచెం వెళ్తే ఎంత దూరమో, అంత ఎత్తు. 16, 17 కిలోమీటర్లు. కింద మనం 38 డిగ్రీల్లో చెమటలు కక్కుతుంటే అక్కడ సుమారు మైనస్ 80. తమాషా ఏంటంటే, ఆ ఎత్తున మంచు దేశాల మీద కంటే మన ఉష్ణమండలం మీదే చలి ఎక్కువ. కింద వేడి ఎక్కువ కాబట్టి గాలి ఎక్కువ ఎత్తుకి లేస్తుంది, లేచేకొద్దీ చల్లబడుతుంది. నేల దగ్గర పొగ అక్కడికి ఎలా వెళ్తుందంటారా? ఉరుముల మేఘాలు లిఫ్ట్ లాంటివి. బంగాళాఖాతం మీద లేచే పెద్ద మేఘం నేల దగ్గరి గాలిని గంటల్లోనే ఆ ఎత్తుకి చేర్చగలదు.

మన 7 మిల్లీసెకన్ల అణువు అక్కడ ఏమవుతుంది? ల్యాబ్ కొలతల నుంచి వచ్చిన సూత్రాన్ని మైనస్ 73 డిగ్రీల దాకా పొడిగించి నేను లెక్క వేశాను. 10 నిమిషాల పైనే వచ్చింది. అదే బంధం, అదే అణువు. ఆయుష్షు సుమారు లక్ష రెట్లు. 10 నిమిషాల్లో తగలాల్సినవన్నీ తగులుతాయి, కథ ముందుకి వెళ్తుంది. అయితే ఒకటి ఒప్పుకోవాలి. అంత ఎత్తున ఎండ చాలా తీవ్రంగా ఉంటుంది, హెచ్ఓ2లు కూడా కింద ఉన్నన్ని ఉండవు. కాబట్టి ఫార్మాల్డిహైడ్ విషయంలో అక్కడా మొదటి చెయ్యి ఎండదే.

అసలు గొడవ ఎసిటోన్ దగ్గర వచ్చింది. ఎసిటోన్ ఫార్మాల్డిహైడ్ లాగా త్వరగా పోదు, వారాల పాటు ఉంటుంది కాబట్టి పైదాకా చేరుతుంది. అమెరికాలో నాసాలో పనిచేసిన హన్వంత్ సింగ్, ఆయన బృందం విమానాల్లో కొలిచి, ఆ ఎత్తున ఎసిటోన్ అనుకున్నదానికంటే చాలా ఎక్కువ ఉందని 1995లో చూపించారు. అక్కడ నీటి ఆవిరి చాలా తక్కువ, కాబట్టి ఓహెచ్ పుట్టే మామూలు దారి బలహీనం. ఎసిటోన్ ఎండకి పగిలి రాడికల్స్‌ని పుట్టిస్తుంది. అంటే ఆ ఎత్తులో గాలిని కడిగే సబ్బు కొంత ఎసిటోన్ నుంచే వస్తోంది.

ఇప్పుడు హెచ్ఓ2 ఎసిటోన్‌ని పట్టుకుంటుందా లేదా అన్నది ఎందుకు ముఖ్యమో అర్థమైందా? పట్టుకుంటే, సబ్బు పుట్టించే ఎసిటోన్ కాస్తా సబ్బుని మింగేది అవుతుంది. జమ కాస్తా ఖర్చు అవుతుంది.

2000లో గియర్జాక్, రవిశంకర సరిగ్గా ఈ ప్రశ్నే పేపరు శీర్షికగా పెట్టి ప్రయోగం చేశారు: హెచ్ఓ2 కీటోన్లతో చర్య జరుపుతుందా అని. రవిశంకర మన దక్షిణాది మనిషే, మైసూరులో చదివి అమెరికా వెళ్లి వాతావరణ రసాయనంలో పెద్ద పేరు తెచ్చుకున్నారు. వాళ్లకి చెప్పుకోదగ్గ చర్య కనపడలేదు. 2004లో బెల్జియంలోని లూవెన్ నుంచి హెర్మన్స్, పీటర్స్ బృందం కంప్యూటర్ లెక్కలతో వచ్చి వేరే మాట చెప్పింది. గది వేడిలో కనపడకపోవడం సహజమే, ఆ ఎత్తున ఉండే చలిలో ఇది ఎసిటోన్‌ని బాగానే తీసేస్తుంది అని. 2011లో అమెరికాలో గ్రీమన్, ఒకుమురా, సాండర్ బృందం ఆ చలిని ల్యాబ్‌లోకి తెచ్చింది. మైనస్ 58 నుంచి మైనస్ 1 దాకా చల్లబరిచి ఇన్‌ఫ్రారెడ్‌తో చూశారు. హెచ్ఓ2, ఎసిటోన్ కలిసిన అణువు ఉందని, చలి పెరిగేకొద్దీ బ్యాలెన్స్ దాని వైపు మొగ్గుతోందని కొలిచారు.

మరి ఎవరు కరెక్ట్? క్రికెట్ స్కోరులా ఒక్క మాటలో చెప్పే విషయం కాదిది. ఎసిటోన్‌లో కార్బన్‌కి రెండు వైపులా మిథైల్ గుంపులు ఉంటాయి, అవి కార్బన్ లోటుని కొంచెం పూడుస్తాయి. అందుకే ఫార్మాల్డిహైడ్‌తో కంటే పట్టు వదులు. ఆ పట్టు ఎంత అన్న ఒక్క సంఖ్య మీదే ఫలితం అంతా వేలాడుతుంది. మైనస్ 73 దగ్గర బంధం బలంలో నాలుగు కిలోజౌళ్ల తేడా వస్తే చాలు, కలిసి ఉండేవాటి లెక్క పది రెట్లు పైన మారిపోతుంది. కంప్యూటర్ లెక్కలో నాలుగు కిలోజౌళ్ల పొరపాటు మామూలు విషయం. అందుకే ఇక్కడ లెక్క ఒక్కటే చాలదు, చల్లటి గొట్టంలో కొలిచినవాళ్ల మాటకి నేను ఎక్కువ విలువిస్తాను.

చలిలో నిలబడే ఇంకో అణువు గురించి కూడా చెప్పాలి, దాని పేరు పాన్. కిళ్లీ షాపులో పాన్ కాదు. పొగలో ఉన్న ఎసిటాల్డిహైడ్ నుంచి ఓహెచ్ హైడ్రోజన్ లాగితే, ఆక్సిజన్ చేరి, కార్బొనైల్ పెరాక్సీ రెండూ ఒకే అణువులో ఉన్న రాడికల్ పుడుతుంది. దానికి నైట్రోజన్ డయాక్సైడ్ అతుక్కుంటే పాన్. 1950ల్లో లాస్ ఏంజిల్స్ పొగమంచులో జనం కళ్లు మండించినవాటిలో ఇదీ ఉంది. 25 డిగ్రీల్లో గంట లోపే విడిపోతుంది. పైన చలిలో నెలలు ఉంటుంది. ఒక కొండ మీద మంట నుంచి పుట్టిన నైట్రోజన్ ఆక్సైడ్‌లని పొట్లం కట్టుకుని సముద్రాలు దాటి, మళ్లీ వెచ్చటి గాలిలోకి దిగినప్పుడు విప్పుతుంది. అక్కడెవరో మన పొగతో చేసిన ఓజోన్ పీలుస్తారు. వాళ్ల పొగతో చేసింది మనమూ పీలుస్తాం.

ఈ మొత్తం కథలో ఫలితాన్ని అటో ఇటో తిప్పేది ఉష్ణోగ్రతే అని మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది. ఆ ఉష్ణోగ్రతని మన దగ్గరే కొలుస్తారు. విశాఖపట్నంలో వాతావరణ శాఖ వాళ్లు చిన్న పరికరం కట్టిన బెలూన్ వదులుతారు. అది పైకి వెళ్తూ ఎంత ఎత్తులో ఎంత చలి ఉందో రేడియోలో చెప్తూ ఉంటుంది. గాదంకిలో, హైదరాబాద్‌లో కూడా ఇలాంటి బెలూన్లు ఎగురుతాయి. ఆ కొలతలు ఇంటర్నెట్‌లో ఫ్రీగా దొరుకుతాయి, ఫోన్లోనే చూడొచ్చు. విశాఖ స్టేషన్ నంబరు 43150. గ్రాఫు తెరిచి పై అంచు దగ్గర గీత ఎడమ వైపుకి వంగి, మళ్లీ కుడికి తిరిగే మలుపు వెతకండి. మన హెచ్ఓ2 చెయ్యి వదలకుండా పట్టుకుని నడిచే రోడ్డు అదే.